పోయినావిడ చేసిన పని

"ఆవిడ పోయి ఏడు నెలలైంది సార్. పోయిన వారం కూడా సంతకం పెట్టింది," అంది వచ్చిన అమ్మాయి.

డిటెక్టివ్ ఆమెకి కుర్చీ చూపించాడు. పక్కనే నోటుబుక్కుతో కూర్చున్న అసిస్టెంటు రాయబోయి తలెత్తి చూసింది.

ఆ అమ్మాయి ఒక లా ఆఫీసు బ్రాంచిలో పారాలీగల్. కోర్టులో లాయరు నోరు విప్పాలంటే ముందు ఇలాంటివాళ్ళు కాగితాలతో కుస్తీ పట్టాలి. ఆమెది మూడేళ్ళ అనుభవం. పోయినావిడ అదే గదిలో పనిచేసిన సీనియరు, బ్రాంచి నడిపే లాయరుకి సొంత అక్క. నిన్న నగరంలోని హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఏడు నెలల్లో సీనియరు రెండు వందల కేసుల కట్టలు పూర్తి చేసిందట, ఈ అమ్మాయి ఒక్కటీ చేయలేదట, నెలాఖరుకు మానుకోవాలట. సాక్ష్యంగా ఒక కట్ట ఆఖరి పేజీ నకలు జతచేశారు. దాని మీద పోయినావిడ పొట్టి సంతకం, పోయిన వారం తేదీ.

ఇంట్లో తన జీతమే ఆధారమని చెప్పింది. "ఆవిడ బల్లమీద పెన్ను రోజుకో చోట ఉంటోంది సార్. ఆ గదిలో కూర్చోలేకపోతున్నాను."

"పూర్తి చేసిన కట్టల మీద మీరు సంతకం పెట్టరా?"

"కట్టలు లాయరుగారికి ఇచ్చేస్తాను. సరిచూశాక, తయారు చేసినవారెవరో ఆయనే నింపుతారు. మా ఆఫీసులో మొదట్నుంచీ అంతే."

మర్నాడు ఉదయం బ్రాంచికి వెళ్ళారు. పోయినావిడ కుర్చీ మీద దుమ్ము లేదు. బల్లమీద మడిచిన కళ్ళజోడు, మూత తీసిన పెన్ను. అసిస్టెంటు ఆ కుర్చీకి దూరంగా నిలబడింది. డిటెక్టివ్ మాత్రం ఆవిడ బతికుండగా చేసిన కట్టలు దింపించాడు. అన్నిటికీ దారం ముడి పైనుంది. ముందురోజే ఫోన్ చేసి హెడ్డాఫీసు నుంచి తెప్పించిన కొత్త కట్టలకి ముడి వెనకుంది. అమ్మాయిని ఒక కట్ట కట్టమన్నాడు. ముడి సొరుగులో తగులుకోకుండా ఉంటుందని చెబుతూ ఆమె దాన్ని బోర్లించి వెనక ముడివేసింది.

అప్పుడు లాయరుని పిలిచి, హెడ్డాఫీసు మేనేజరుకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"ఈ గదిలో దెయ్యం ఉన్నమాట నిజమే," అని అమ్మాయిని చూపించాడు. "ఆ రెండు వందల కట్టలూ చేసింది ఈవిడే."

అసిస్టెంటు నోరు తెరిచి ఆయనవైపే చూసింది. డిటెక్టివ్ తాపీగా విడమరిచాడు. ఆ సంస్థలో జీతం ఊరినిబట్టి, అనుభవాన్నిబట్టి. అక్కగారు నగరం నుంచి బదిలీ అయి వచ్చారు కనుక నగరం లెక్కన, ఇరవై రెండేళ్ళ అనుభవానికి తగ్గ జీతం. అమ్మాయికి చిన్న ఊరి లెక్కన అందులో మూడోవంతు. అక్క పోయిన సంగతి లాయరు హెడ్డాఫీసుకి చెప్పలేదు. జీతం అక్కాతమ్ముళ్ళ ఉమ్మడి ఖాతాలో పడుతూనే ఉంది. జీతం ఆగకూడదంటే అక్క పని చేస్తున్నట్టు కనబడాలి. అందుకని అమ్మాయి చేసిన ప్రతి కట్ట మీదా, ఆ బల్ల దగ్గరే కూర్చుని, అక్క సంతకం పెట్టాడు.

లాయరు కాదనలేదు. "డబ్బుకోసమే మొదలుపెట్టాను. తర్వాత ఆ రెండక్షరాలూ రాస్తున్నంతసేపూ అక్క పక్కనే ఉన్నట్టుండేది."

అసిస్టెంటుకి అతణ్ణి చూస్తే జాలేసింది. డిటెక్టివ్‌కి వేయలేదు. "మీ అక్కని ఉంచుకోవడానికి ఈ అమ్మాయిని లేకుండా చేశారు," అన్నాడు.

మేనేజరు క్షమాపణ చెప్పాడు. ఉద్యోగం ఉంటుందన్నాడు. జీతం మాత్రం పాతదే, చిన్న ఊరు, మూడేళ్ళ అనుభవం, నిబంధనలు అలా ఉన్నాయన్నాడు.

అమ్మాయి ఫోన్ దగ్గరికి జరిగింది.

"ఇదే పనికి చచ్చిపోయినావిడకి ఏడు నెలలు మూడింతల జీతం ఇచ్చారు కదా సార్. నేను బతికే ఉన్నాను. నాకెందుకివ్వరు?"