ఖాళీ, అన్నా

ఆ పెరట్లో చెట్టు మంచిది కాదని ఆ వీధిలో అందరికీ తెలుసు. తెలియనిది మా బావ ఒక్కడికే. తెలిసినవాళ్ళెవరూ ఎక్కనన్నారు కాబట్టి తెలియనివాణ్ణి ఎక్కించారు.

ఇది బావ నోట విన్నదే. బావంటే మా అక్క మొగుడు. పరాయి దేశంలో చెట్లెక్కడం ఆయన ఉద్యోగం. ఇళ్ళమీదికి వాలిన కొమ్మల్నీ, కరెంటు తీగలకి అడ్డొచ్చిన కొమ్మల్నీ కోసి దించాలి. వెళ్ళకముందు ఆయనకి ఒక మోకు, ఒక కత్తి ఉంటే చాలు. అక్కడ అలా కుదరదు. తొడలకి పట్టీలు, నడుముకి పట్టా, దానికి తాళాలగుత్తిలా వేలాడే కొక్కేలు, తలకి హెల్మెట్, రంపం మోత వినపడకుండా చెవులకి డిప్పలు. ఆ పట్టా ఎవడో భారీ మనిషికి కుట్టింది. ఈయన నడుము మీద నిలిచేది కాదు. మార్చమంటే వచ్చే నెల అనేవాళ్ళు. ఆ వచ్చే నెల రానే లేదు.

ఈ మాట చెప్పేటప్పుడు బావకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దెయ్యం సంగతి చెప్పు బావా అని నేను మొత్తుకుంటూంటే ఆయన పట్టా సంగతి చెబుతాడు.

పెద్ద కంపెనీల్లో హెల్మెట్‌లోంచే మాట్లాడుకునే మైకులుంటాయట. వీళ్ళకి నోరే మైకు. పైనున్నవాడు కొమ్మ వదిలేముందు "కిందా?" అని కేకెయ్యాలి. కింద మనిషి చుట్టూ చూసి "ఖాళీ!" అనాలి. ఆ మాట వినపడితేనే కొమ్మ వదలాలి. గుబురాకుల్లోంచి కింద ఏముందో కనపడదు మరి. ఆ ముఠాలో మనవాళ్ళే ఎక్కువ. మేస్త్రి కూడా మనవాడే. కాబట్టి కేకలు మన భాషలోనే నడిచేవి.

వీధి చివర ఆ ఇల్లు. మనుషులు ఖాళీ చేసి చాలా ఏళ్ళయింది. కిటికీలకి చెక్కలు కొట్టేశారు. వెనక వరండాలో తుప్పు పట్టిన పంజరం ఒకటి తలుపు తెరుచుకుని వేలాడుతూంటుంది. గాలి వీస్తే కిర్రుమంటుంది. దాని ఎదురుగా పెరట్లో ఆ చెట్టు.

ఎప్పుడో ఒక పనివాడు దాని కింద పోయాడట. అప్పట్నుంచి పొద్దు వాలితే చెట్టులోంచి మనిషి గొంతు వస్తుందని చుట్టుపక్కలవాళ్ళు చెప్పుకుంటారు. ఏమంటుందో మాత్రం వాళ్ళకి తెలీదు... అది వాళ్ళ భాష కాదు.

ఇదంతా బావకి తర్వాత తెలిసింది.

ఆ రోజు బావ పైన, పొట్టోడు కింద. పొట్టోడంటే బావ గదిలోనే ఉండే మనిషి. చాలాసార్లు వీళ్ళిద్దరే జోడీ. మేస్త్రి గేటు బయట వ్యాన్‌లో కూర్చున్నాడు. లోపలికి రాలేదు.

బావ కొమ్మ కోసి, చివర చేత్తో పట్టుకుని కేకేశాడు.

"కిందా?"

"ఖాళీ, అన్నా."

స్పష్టంగా వినపడింది. వదిలాడు.

కింద నుంచి పొట్టోడి అరుపు... ఆ తర్వాత ఏమీ లేదు.

ప్రాణం దక్కింది. భుజం ఎముక ముక్కలైంది. మేస్త్రి గేటు దగ్గరే నిలబడి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

"వినపడింది మేస్త్రీ, ఖాళీ అని స్పష్టంగా..."

"వినపడాలనుకున్నావు, వినపడింది. అంతే. ఇంకో మాట మాట్లాడకు."

అప్పటికప్పుడే మేస్త్రి, బావకున్న చెట్లెక్కే అనుమతి కార్డు లాక్కున్నాడు. ప్రమాదాల ఆఫీసరు వస్తున్నాడు, తప్పు బావదని తేలిస్తే కార్డు రద్దు, ఆ దేశంలో పని రద్దు, ఇంటిదారి. పైగా చేజేతులా తోటివాడి భుజం విరగ్గొట్టాడన్న పేరు. గదిలో మిగతావాళ్ళు బావతో మాట్లాడటం తగ్గించారు. తినేటప్పుడు కంచాలు పట్టుకుని అవతలికి జరిగేవాళ్ళు. "నిజంగానే తప్పు చేసుంటే నోరు మూసుకుని పడుందును రా," అంటాడు బావ. "చెయ్యనిదానికి ఎంతమందికని చెప్పను? మీ అక్కకి ఫోన్ చేస్తే అదీ అడిగింది, ఒకవేళ మీరే తొందరపడ్డారేమో అని. ఫోన్ పెట్టేశాను."

ఆస్పత్రికి వెళ్తే పొట్టోడు మొహం అటు తిప్పుకున్నాడు. కాసేపటికి వాడే గొణిగాడు.

"నీ కేకే నాకు వినపడలేదు గురూ. చెవుల మీద డిప్పలు తీయడం మర్చిపోయాను. ఇంక బదులెక్కడిది?"

గురూ...

మెట్లు దిగుతూంటే బావ కాళ్ళు ఆగిపోయాయి. పొట్టోడు ఎప్పుడూ గురూ అనే పిలుస్తాడు. వాడు బావని అన్నా అన్నది ఎప్పుడూ లేదు.

మరి అన్నా అన్నది ఎవరు?

ఆ సాయంత్రమే మేస్త్రి వచ్చి వ్యాన్ ఎక్కమన్నాడు. ఆ రోజు వాడిన తాడు, కొక్కేలు ఆఫీసరుకి చూపించాలి. అవింకా చెట్టుకే వేలాడుతున్నాయి. బావకి వెళ్ళాలని లేదు. వెళ్ళనంటే అదీ ఒక తప్పవుతుంది.

చేరేసరికి చీకటి పడింది. మేస్త్రి గేటు దగ్గర బండి ఆపి టార్చి చేతిలో పెట్టాడు.

"తాడు లాగేసి వచ్చెయ్. చెట్టెక్కడానికి వీల్లేదు. కార్డు లేదు నీకు."

"మీరూ రావచ్చుగా?"

మేస్త్రి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎటో చూస్తున్నాడు.

బావ లోపలికి నడిచాడు. ఎండుటాకులు కాళ్ళ కింద నలుగుతున్నాయి. వరండాలో పంజరం కిర్రుమంది... ఆగింది. టార్చి వెలుగులో తాడు కదలకుండా వేలాడుతోంది. నేలమీద కొమ్మ పడిన చోట మట్టి ఇంకా లోతుగా దిగబడే ఉంది.

తాడు ఒక కొస పట్టుకుని లాగితే రెండో కొస ఇనప కొక్కేలతో సహా పైనుంచి పడుతుంది. అందుకని లాగేముందూ కేకెయ్యాలి. పక్కన ఎవరూ లేరని బావకి తెలుసు. అయినా అలవాటైన నోరు ఊరుకోలేదు.

"కిందా?"

అని నాలిక్కరుచుకున్నాడు.

నిశ్శబ్దం.

అప్పుడు వచ్చింది... పైనుంచి, నెమ్మదిగా.

"ఖాళీ, అన్నా."

అదే గొంతు. కుర్రగొంతు. చివర చిన్న నవ్వుతో.

బావ చేతిలోంచి టార్చి జారిపోయింది. గేటు దగ్గర వ్యాన్ తలుపు దభీమని తెరుచుకుంది. అడుగుల చప్పుడు. ఆ పెరట్లో అడుగు పెట్టని మేస్త్రి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. కిందపడ్డ టార్చి అందుకుని పైకి కొట్టాడు.

మొదటి పంగ దగ్గర ఒక తొర్ర. తొర్ర అంచున, వెలుగుకి కళ్ళు చికిలిస్తూ, ఒక బూడిదరంగు చిలుక. ముసలిది. మెడ దగ్గర ఈకలు రాలిపోయాయి. తల వంచి ఇద్దర్నీ చూసింది.

"ఖాళీ, అన్నా," అంది.

బావ నేలమీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే దాన్ని దాని ఏడు తరాలతో సహా తిట్టాడు. కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి.

"చూశారా మేస్త్రీ. చెప్పానా లేదా? ఎవడైనా నమ్మాడా? వినపడాలనుకున్నానా నేను? ఇప్పుడు మీకు వినపడిందా లేదా?"

మేస్త్రి టార్చి వెలుగు చిలుక మీంచి తిప్పలేదు.

"అది మా తమ్ముడి గొంతు," అన్నాడు చివరికి.

బావ నవ్వు ఆగిపోయింది.

"ఇక్కడే కొత్తవాళ్ళకి పని నేర్పేవాళ్ళం. అప్పట్లో ఇక్కడుండే ఇంటావిడ ఒప్పుకుంది. నేను పైన, వాడు కింద. రోజంతా ఇవే కేకలు. ఇది ఆ వరండాలో పంజరంలో ఉండేది."

టార్చి వెలుగు నేలమీదికి దించాడు.

"ఆ రోజు కొమ్మ వదిలింది నేనే. కిందా అన్నాను... ఖాళీ అన్నా అని వినపడింది. వదిలేశాను. చూసినవాళ్ళు చెప్పారు, వాడసలు నోరే తెరవలేదని. వంగి ఏదో ఏరుకుంటున్నాడట. వినపడాలనుకున్నావు, వినపడింది అన్నారు. నేనూ అదే నమ్మాను. ఇన్నేళ్ళూ."

బావకి కార్డు అడగాలని కూడా అనిపించలేదట. అది మర్నాడు మేస్త్రే తెచ్చిచ్చాడు. ఆఫీసర్ని ఆ చెట్టు కిందికి తీసుకొచ్చి, చిలుకని వినిపించి, బావ తప్పు లేదని రాయించుకునేదాకా వదల్లేదు. గదిలో కంచాలు మళ్ళీ దగ్గరికి జరిగాయి. కొత్త పట్టా మాత్రం ఇప్పటికీ రాలేదు.

కానీ బావ కథ అక్కడ ఆపడు. మళ్ళీ ఆ చీకట్లోకే తీసుకెళ్తాడు.

మేస్త్రి టార్చి ఆర్పేశాడట. చెట్టు మొదలుకి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత తల పైకెత్తి, ఎన్నో ఏళ్ళుగా వెయ్యని కేక వేశాడు. అది సగంలోనే జీరబోయింది.

"కిందా...?"

ఆకులు కాస్త కదిలాయి.

"ఖాళీ, అన్నా."