కందకం వెంట కత్తి గీత

కోనాదు లోపలికి వచ్చి కూర్చోలేదు. డెబ్బై ఒక్కేళ్ల ముసలామె చేతిలో కోకో కొమ్మ, నరికినచోట ఇంకా పచ్చి ఆరలేదు.

"యాభై రెండు చెట్లు కొట్టేశారయ్యా! మిగతావి రేపట. ఆకాశంలోంచి తీసిన బొమ్మలో నా తోట అడవిగా పడిందట. అడవిలో కోకో నేరమట!"

కుమాసిలో పేరున్న డిటెక్టివ్ సార్ఫో టోపీ అందుకున్నాడు. సహాయకురాలు సెర్వా ఆయన వెనకే పరుగెత్తింది.

ఆ బొమ్మనుంచి అడవి పటం చేసిన బాఫో కంప్యూటరు ముందు ఉన్నాడు.

"ఫజీ లాజిక్ సార్. ముందు బొమ్మ మసక తేటపరుస్తాం. తర్వాత ఒక్కో చుక్కలో అడవి ఎన్ని పాళ్లు, కోకో ఎన్ని పాళ్లు అని చూస్తాం. ఇది అడవే, అది కోకోయే అని గీత గీసి కొయ్యం, అందుకే అంచులు చెదిరినట్టుంటాయి."

"బొమ్మ ఎప్పటిది?"

"జనవరిది. పటం చేసి అటవీ అధికారి అఫుల్‌గారికి ఆమోదముద్ర కోసం పంపాను. ఆయనే అచ్చు వేయించారు."

సెర్వా అచ్చు పటం చూసింది. అన్ని తోటల అంచులూ పొగలా చెదిరి ఉన్నాయి. కోనాదు తోట ఒకవైపు మాత్రం కత్తితో కోసినట్టుంది.

సాయంత్రానికి ఊరు చేరారు. కోనాదు మగడు నీడకోసం వదిలిన ఓడమ్ మానుల కింద కోకో కాసి ఉంది. తోట చివర కొత్త కందకం, పక్కనే కడిగిన గులకరాళ్ల కుప్ప.

"ఎవరు తవ్వించారమ్మా?"

"ఇంకెవడు, అఫుల్! మొన్న జూన్ వానల్లో. హద్దు అన్నాడు."

తెల్లవారి గొడ్డళ్లవాళ్లు వచ్చేసరికి సార్ఫో అందరినీ కోకో తూకం కొట్టంలోకి పిలిచాడు.

"ఏంటయ్యా ఈ పంచాయితీ? యంత్రం చెప్పింది, నేను చేశా," అన్నాడు అఫుల్.

"యంత్రం నోట నీ మాట పెట్టకు!" సార్ఫో గొంతు పెరిగింది. "బాఫో దగ్గర అసలు పటం ఉంది. ఈ తోట అరవై పాళ్లు కోకో, నలభై పాళ్లు అడవి. నీడచెట్ల కింది తోటలన్నీ అలాగే పడ్డాయి. నీ పటంలో ఇదొక్కటే నూరుపాళ్లు అడవి! పైగా దాని అంచు నీ కందకం వెంటే వంపు తిరిగింది. జనవరి బొమ్మలోకి జూన్ కందకం ఎలా నడిచొచ్చింది? నీ చేత్తో రంగు పూశావు. నీకు తెలిసిన హద్దు అదొక్కటే!"

"నాకేం లాభం?"

"ఆ గులకరాళ్లు ఎందుకు కడిగించావు? బంగారం పొడి చూశావు. తోట అడవని తేల్చి ముసలామెను వెళ్లగొడితే భూమి నీ చేతికొస్తుంది."

గొడ్డళ్లవాళ్ల పెద్ద తన గొడ్డలి అఫుల్ కాళ్లముందు విసిరేశాడు. "నాచేత పాపం చేయించావు గదరా!"

అఫుల్ నరికే ఉత్తర్వు చించేశాడు. "అమ్మా, తప్పయిపోయింది..."

కోనాదు అతని చొక్కా పట్టుకుంది.

"మొక్క నాటితే కాపుకు అయిదేళ్లు. నేను పెంచిన యాభై రెండు పోయాయి. అందాకా ఏం తినమంటావురా, నీ 'తప్పయిపోయింది' అన్న మాటనా?"