ఊపితే చప్పుడు రాకూడదు

...లెన్స్ ముందు విప్పాలి. ఎప్పుడైనా లెన్సే ముందు. కెమెరా బాడీకి తగిలించి ఉంచితే ఒక్క కుదుపు చాలు, రెండూ కలిసే చోట విరుగుతుంది. బరువైనవి రెండు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడితే తెగేది ఆ పట్టు దగ్గరే. మనుషులైనా... ఛ! ఇప్పుడివన్నీ ఎందుకు? చేతులు పనిలో ఉంటే బుర్ర ఊరుకోదు...

కారు ఎగిరి పడుతుంది!

గ్రేస్ రెండు చేతులతో కెమెరాని పొట్టకి అదుముకుంటుంది.

"నెమ్మదిగా బ్రహ్మయ్యా! వెనకాల ఉన్నవి అద్దాలు, ధాన్యం బస్తాలు కాదు!" ముందు సీట్లోంచి అరుస్తాడు మోహనకృష్ణ.

"నెమ్మదంటే ఫ్లైటు దొరకదండీ," అంటాడు డ్రైవరు, స్టీరింగు మీంచి చూపు తిప్పకుండా.

ఐదుంపావు. విమానం ఏడూ నలభైకి. పెడన ఇప్పుడే దాటారు. ఒకటే వాన.

లెన్స్‌కి ముందు మూత. వెనక మూత. బాడీ నోటికి ఇంకో మూత. గ్రేస్ వేళ్ళకి ఇది కొత్త కాదు. బందరు పెళ్ళి ఫోటోగ్రాఫర్ల కెమెరా సంచులు సగం ఆమె కుట్టినవే. విమానమెక్కే కెమెరాలకి పెట్టెలో ఫోమ్ కోసి అమర్చేదీ ఆమే.

కానీ ఈ కెమెరా వేరు.

గంట క్రితం మోహనకృష్ణ ఆమె షాపు ముందు కారాపాడు. చేతిలో పాలిథిన్ కవరు. లోపల తడి తువ్వాలు. తువ్వాల్లో ఆరు కిలోల సినిమా కెమెరా.

ఎలీషాది! తొమ్మిది రోజులుగా కనిపించని తమ్ముడిది!

"వాడు బతికే ఉన్నాడు చెల్లెమ్మా," అన్నాడు. "ముంబైలో దాక్కున్నాడు. వెళ్తూ వెళ్తూ తన చేత్తో ఇది నాకిచ్చాడు. ఇప్పుడు పంపమంటున్నాడు. దెబ్బ తగిలితే లోపలి రికార్డింగు పోతుందంట. ప్యాకింగు నువ్వు తప్ప ఎవరు చేస్తారు? దారిలో చేసేద్దువు, గుడివాడలో దించేస్తాను."

"పోలీసులకి..."

"చెప్పావో, వాడి జాడ ముందు చెరువులోళ్ళకే తెలుస్తుంది. స్టేషన్లో వాళ్ళ మనుషులున్నారు."

దివిసీమ కొసన, ఏరు సముద్రంలో కలిసేచోట, మడ చెట్లు నరికి రొయ్యల చెరువులు తవ్వుతున్నారు. ఎలీషా దాన్ని వీడియో తీస్తున్నాడు. అతన్ని పడవలో తిప్పింది ఈ మోహనకృష్ణే. స్నేహితుడు.

అందుకే ఎక్కింది. ఒక్క మాట కూడా అడగకుండా!

అడిగితే జవాబు వస్తుంది. అదే ఆమె భయం.

కీచుమంటూ బ్రేకు! గుడ్లవల్లేరు రైలు గేటు పడుతోంది.

మోహనకృష్ణ తిట్టుకుంటూ దిగుతాడు. గేటు దగ్గరికి నడుస్తూ ఫోన్ చెవిన పెడతాడు. ఉక్కపోతకి గ్రేస్ కిటికీ అద్దం నాలుగంగుళాలు దించి ఉంచింది. వానలో ముక్కలు ముక్కలుగా మాటలు...

"...చూడకుండా ఏట్లో ఎలా పారేస్తామండీ? ఇంకెవరికైనా పంపాడేమో తెలియాలి గదా... ముంబైలో మనోడు లాకు తీస్తాడు... అక్కా? అబ్బే, నోట్లో నాలుక లేని మనిషండీ..."

ఫోమ్ కోస్తున్న కత్తెర ఆగిపోతుంది.

దేని గురించి? ఇంకేదో అయ్యుండొచ్చు. చెరువుల లెక్కలేమో. ఏదైనా కావచ్చు కదా! మనసు ఎంత తెలివైనదో, దానికి కావలసిన అర్థం అదే కుట్టుకుంటుంది.

టక టకా కిటికీ మీద చప్పుడు! గ్రేస్ ఉలిక్కిపడుతుంది.

ప్రసన్నలక్ష్మి. పెడనలో కలంకారీ అద్దకాల షెడ్డు ఆమెది. స్కూటీ మీద ప్లాస్టిక్ కప్పిన బట్టల మూట.

"ఏమ్మా గ్రేసూ, కార్లో ఎక్కడికే? పెళ్ళికొడుకుని చూడ్డానికా?" నవ్వి, గొంతు తగ్గిస్తుంది. "తమ్ముడి కబురేమైనా తెలిసిందా?"

చెప్పు! ఇప్పుడే! ఈ మనిషికి బందరు నుంచి బెజవాడ దాకా తెలియనివాళ్ళు లేరు. చెప్పు!

మోహనకృష్ణ తిరిగి వస్తున్నాడు. గొడుగు లేకుండా, తొందర లేకుండా.

"లేదండీ," అంటుంది గ్రేస్.

"దేవుడున్నాడులే తల్లీ. మీ దేవుడో మా దేవుడో, ఎవరో ఒకరు."

గేటు లేస్తుంది. స్కూటీ వెనకబడిపోతుంది.

"ఎవరావిడ?"

"పెడనావిడండీ. నాకు గుడ్డ ఇస్తుంది."

"ఊఁ."

ఫోమ్‌లో లెన్స్ కూర్చుంటుంది. వదులుగా ఉంటే కదులుతుంది. బిగిస్తే ఫోకస్ రింగు నలుగుతుంది. అరంగుళం సందు, అందులో మెత్తటి గుడ్డ. బ్యాటరీలు తీసి, కొసలకి టేపు వేసి, భుజం సంచిలో పెట్టుకుంటుంది. లగేజీలో బ్యాటరీలు పెట్టనివ్వరు. కెమెరా కూడా చేత్తో పట్టుకెళ్తే మేలు. కానీ పెట్టెతో కలిపి పదకొండు కిలోలు. లోపలికి ఏడే ఒప్పుకుంటారు.

గుడివాడ. బస్టాండు. దీపాలు, గొడుగులు, ఆటోలు...

కారు ఆగదు!

"మోహనకృష్ణ గారూ! బస్టాండు..."

"టికెట్ నీ పేరు మీదే తీశాను చెల్లెమ్మా." వెనక్కి తిరిగి నవ్వుతాడు. "ఆధార్ కార్డు సంచిలో ఉంటుందిగా? ఏదీ, ఆ ఫోనిలా ఇయ్యి. చెరువులోళ్ళు నంబరు పట్టుకుని వెతుకుతారు. అక్కడ దిగాక ఎలీషాయే వస్తాడు నీకోసం."

ఫోన్ ఇచ్చేస్తుంది. చెయ్యి తనంతట తానే ఇచ్చేస్తుంది!

"వాడు... ఎలా ఉన్నాడండీ?"

"బాగున్నాడు. కాస్త చిక్కాడు."

కాస్త చిక్కాడు. ఆ మాట ఆమెకి ఎంత హాయిగా ఉందో! చిక్కినవాడికి ఒళ్ళుంటుంది. ఒళ్ళుంటే ఆకలి ఉంటుంది. ముంబైలో ఏదో గదిలో మంచం మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు...

ఇక మిగిలింది బాడీ. కొలత కోసం పిడి కింద బొటనవేలు పోనిస్తుంది. ఏదో తగులుతుంది. టేపు. తను వేసింది కాదు.

గోటితో లేపుతుంది.

కింద, పిడికి తగిలించి ఉన్న నల్ల పట్టీ ముక్క. రెండంగుళాలు. మీద ఎర్ర దారం, రెండు వరసల కుట్టు. తన కుట్టు!

ఎలీషా ఆ పట్టీని కుడి మణికట్టుకి రెండు చుట్లు చుట్టి కొక్కెం పెట్టుకునేవాడు. పడవలో కెమెరా జారితే? అని తనే గట్టిగా కుట్టిచ్చింది.

కొస పట్టి చూస్తుంది. పీచులు లేవు. నున్నగా ఉంది.

కత్తి!

తన చేత్తో ఇచ్చేవాడు కొక్కెం విప్పుతాడు. ఒక్క క్షణం పని. పట్టీని కోశారంటే... ఆ చెయ్యి వదల్లేదు.

"ఏంటి చెల్లెమ్మా, ఆగావు?"

"ఏం లేదండీ. టేపు అంటుకుంది."

కత్తెర మళ్ళీ కదులుతుంది. ఫోమ్ నీటుగా తెగుతుంది. కేక రాలేదు. కన్నీళ్ళూ రాలేదు. ఎందుకు రావు? మనసులో ఒక మూల ఇంకా ఎవరో మంచం మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నారు. కాస్త చిక్కి.

పెట్టె మూస్తుంది. నాలుగు వైపులా ఊపి, చెవి ఆనిస్తుంది. చప్పుడు రాకూడదు. రాలేదు.

ఆరూ నలభై. గన్నవరం విమానాశ్రయం!

"ఎవరేం అడిగినా పెళ్ళి షూటింగ్ అను," టికెట్ కాగితం చేతిలో పెడతాడు మోహనకృష్ణ. "నేనిక్కడే ఉంటాను. అద్దంలోంచి అన్నీ కనిపిస్తాయి."

టికెట్ ఉన్నవాళ్ళకే లోపలికి దారి. తలుపు దగ్గర తుపాకీ జవాను కార్డు చూసి వదులుతాడు. చల్లటి గాలి. నున్నటి నేల. అద్దం అవతల మోహనకృష్ణ, రెండు చేతులూ జేబుల్లో.

కెమెరా దొరికితే దొరికేది ఎవరి దగ్గర? అక్క దగ్గర! ఆధార్‌తో సహా! ఆయన పేరు ఎక్కడా లేదు...

లైను కదులుతుంది. ముగ్గురు. ఇద్దరు. ఒకరు.

కౌంటర్ వెనక అమ్మాయి ఛాతీ మీద పేరు, హాసిని. పెట్టె తూకం మీద కూర్చుంటుంది. పదకొండు.

"పెట్టెలో పవర్ బ్యాంక్, బ్యాటరీలు ఏమైనా ఉన్నాయా మేడమ్?"

రోజుకి ఐదొందల మందిని అడిగే ప్రశ్న. తలెత్తకుండానే అడుగుతుంది. తలెత్తకుండానే అందరూ లేవంటారు. నిజంగానే లేవు. బ్యాటరీలు రెండూ గ్రేస్ భుజం సంచిలోనే ఉన్నాయి.

లేవంటే చాలు. పెట్టె బెల్టు మీద జారిపోతుంది. ముంబై దాకా ఎలీషా బతికే ఉంటాడు. ఇంకో మూడు గంటలు. అక్కడ ఎవరో వచ్చి పెట్టె అందుకునేదాకా... వాడు బతికే ఉంటాడు.

ఉన్నాయంటే?

ఇక్కడే చచ్చిపోతాడు. ఈ కౌంటర్ ముందు. ఆమె నోటితో.

"మేడమ్? బ్యాటరీలు?"

అద్దం వైపు చూడదు.

"ఉన్నాయండీ."

హాసిని తలెత్తుతుంది. "అయితే తీసెయ్యాలి మేడమ్. తెరవండి."

"మీ సెక్యూరిటీ ఆయన్ని కూడా పిలవండి."

"దానికి ఆయనెందుకండీ?"

"పిలవమ్మా!"

తన గొంతే! అంత గట్టిగా! లైను మొత్తం తిరిగి చూస్తుంది.

ఖాకీ మనిషి వస్తాడు. ఈ ఊరివాడు కాదు, ఈ జిల్లావాడూ కాదు. మాటలోనే తెలుస్తోంది. "క్యా హువా? ఏమైంది?"

అద్దం అవతల జేబుల్లోంచి చేతులు బయటికొస్తాయి. మోహనకృష్ణ తలుపు వైపు ఉరుకుతాడు! జవాను అడ్డంగా చెయ్యి చాస్తాడు. టికెట్? ఆయన దగ్గర టికెట్ లేదు! ఏదో అరుస్తున్నాడు. అద్దం మందం. ఒక్క ముక్కా వినిపించదు.

"పెట్టెలో ఏముంది?" అడుగుతాడు ఖాకీ మనిషి.

"మా తమ్ముడి కెమెరా అండీ." ఊపిరి పీల్చుకుంటుంది. "వాణ్ణి చంపేశారు. ఆ అద్దం దగ్గరున్నాయన."

అని, గ్రేస్ మొదటి గొళ్ళెం పైకెత్తుతుంది.