సెవెరి మాట చెల్లదు

“ఇలోనా, నీ బలం ఏమిటి?” అని అడిగాడు సెవెరి.

“పర్లేదు, కోడింగ్ వచ్చు.”

“పర్లేదా? నాలుగేళ్లు చేసిన పని పర్లేదా? నిన్ను నువ్వే అలా అనుకుంటే ఇక ఇంటర్వ్యూలో వాళ్లేమంటారు తల్లీ?”

“అయితే గొప్పలు చెప్పుకోమంటావా? మా అమ్మ వింటే సిగ్గుతో చచ్చిపోతుంది.”

ఫిన్లండ్‌లోని తాంపెరె ఊరి లైబ్రరీలో అద్దాల గది. బయట వాన. మా కంపెనీ మూతపడి ఐదు నెలలైంది. అక్కడ సెవెరి మా టీం లీడర్. అతనికి వారంలోనే వేరే ఉద్యోగం దొరికింది, నాకు దొరకలేదు. ఈసారి కూడా రాకపోతే అద్దె గది ఖాళీ చేసి ఉత్తరాన కెమిలో ఉన్న అక్క ఇంటికి పోవాలి. రైల్లో ఆరు గంటలు. సెవెరికి కూడా అంత దూరమవుతానన్న దిగులు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ కొత్త కంపెనీ నాలుగు రకాల ఇంటర్వ్యూలు పెట్టింది, ఒక్కోదానికి ఒక్కో కసరత్తు. ఫోన్ ఇంటర్వ్యూ కోసం పుస్తకాల అరల వెనక నిలబడి నాకు ఫోన్ చేసేవాడు.

“నవ్వుతూ మాట్లాడు.”

“ఫోన్లో నవ్వు కనబడుతుందా?”

“వినబడుతుంది. ఇప్పుడు మొహం మాడ్చుకున్నావుగా, అదీ వినబడింది.”

వీడియో ఇంటర్వ్యూలో అవతల మనిషే ఉండరు. తెర మీద ప్రశ్న వస్తుంది, తొంభై సెకన్లలో జవాబు చెప్పాలి. సెవెరి ముందు ప్రాక్టీసు చేస్తూ అరవై సెకన్లు ఆలోచిస్తూ కూర్చున్నాను.

“స్క్రీన్ హ్యాంగైందనుకున్నా,” అన్నాడు.

గ్రూప్ ఇంటర్వ్యూకి ఆరుగురం వెళ్లాం. ఎదుటివాళ్ల మాటకు అడ్డు రాకూడదని ఆరుగురమూ మర్యాదగా ఆగాం. నాలుగు నిమిషాలు! చివరికి గుండె చిక్కబట్టుకుని, “ఎవరికైనా కాఫీ పొయ్యనా?” అన్నాను. అందుకే నన్ను ఆఖరి ఇంటర్వ్యూకి ఎంపిక చేశారట!

ఇక ఆఖరిది. బల్లకు అవతల ముగ్గురు. నడుమ మార్కెత్తా గారు, నెరిసిన జుట్టు, చురుకైన చూపు.

“మీ పని గురించి అడగడానికి రెఫరెన్స్‌గా సెవెరి గారి పేరిచ్చారు. నిన్న ఆయనతో ఫోన్లో మాట్లాడాం,” అందావిడ. “తన మాట లెక్కలోకి తీసుకోవద్దన్నారు.”

ఇన్నాళ్లూ నేర్పించి, ఆఖర్న ఇదా?

“ఎందుకండీ?”

“నిష్పక్షపాతంగా చెప్పలేరట. రెండేళ్లుగా మీరంటే ఇష్టమట. ఆ సంగతి దాచి మీ గురించి మంచి చెబితే మమ్మల్ని మోసం చేసినట్లే అన్నారు.”

కుడివైపు పెద్దమనిషి కిటికీలోంచి వానను తెగ పరిశీలిస్తున్నాడు.

“మీకు తెలుసనుకున్నాం,” అంది మార్కెత్తా గారు నెమ్మదిగా.

“తెలీదండీ. కోడ్‌లో తప్పులు పట్టడమే నా పని, నాలుగేళ్లలో నా కంటపడనిది ఏదీ లేదు. ఇదొక్కటీ ఎలా తప్పించుకుందో!”

అన్నాక గానీ తెలియలేదు, గొప్పలు చెప్పుకున్నానని. ముగ్గురూ నవ్వారు. ఇంకో రెఫరెన్స్ పేరు ఇవ్వమన్నారు, వాళ్లు మంచి మాట చెబితే సోమవారం నుంచే రమ్మన్నారు.

బయట ట్రామ్ స్టాప్‌లో సెవెరి, తడిసి ముద్దయి.

“ఎలా జరిగింది?”

“ముక్కూ మొహం తెలియని ఆవిడకి రెండు నిమిషాల్లో చెప్పేశావు. నాకు చెప్పడానికి రెండేళ్లు చాల్లేదా?”

అతని మొహం పాలిపోయింది. “నీకు చెప్పేశారా?”

“చెప్పరా మరి!”

“ఆవిడ అడిగింది, చెప్పాను. నువ్వెప్పుడూ అడగలేదుగా!”

ఏం మనిషిరా నాయనా! కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. అతని తడి కోటు కాలర్ పట్టుకుని దగ్గరికి లాగాను.

“ఇంకో పేరు ఇమ్మన్నారు. నా విషయంలో నీ మాట చెల్లదట.”

“ఈ ఒక్క ఉద్యోగానికేనా?”

“ఎప్పటికీ,” అన్నాను.