కాంతవ్వ డిలీట్ చేయని ఫైల్

“నా బిడ్డకు ఏదో అయింది సారూ! మంచిగుంటే నాకు ఫోన్ చెయ్యకుండ ఉంటదా?”

కోచింగ్ సెంటర్ల మైత్రీవనం మెట్లెక్కుతూనే గొణుగుతోంది కాంతవ్వ. గోడలనిండా గుట్కా ఉమ్ములు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

వెనకే భానుచందర్. పంజాగుట్టలో ఆమె కూతురు అనిత పనిచేసే జపనీస్ టైపింగ్ ఆఫీసు ఓనర్.

“ఫికర్ చెయ్యకమ్మా. నిన్న డ్యూటీ కాంగనే పోయింది. వయసు పిల్ల... ఎవనితోనో...”

ఛీ! ఏం నోరది!

కానీ ఏమంటుంది? పొద్దున్నే కారేసుకుని బోరబండలో ఇంటికి వచ్చింది ఆయనే. దారిలో సమోసాలు తినిపించిందీ ఆయనే.

నిన్న సాయంత్రం అనిత వాట్సాప్ నుంచి ఒక ఫైల్ వచ్చింది. ఆ తర్వాత... ఏమీ లేదు!

తెరిస్తే అన్నీ నల్ల డైమండ్లు. లోపల ప్రశ్నార్థకాలు. మధ్యమధ్య ఒంటరి ఇంగ్లీష్ అక్షరాలు.

“ఖరాబ్ ఫైల్. డిలీట్ కొట్టు,” అని భానుచందర్ పొద్దుటినుంచీ పోరుతున్నాడు.

కాంతవ్వ కొట్టలేదు. అనిత చదివిన సెంటర్‌లో చూపిస్తానని పట్టుబట్టి ఇక్కడికి వచ్చింది.

అనితకు జపనీస్ నేర్పిన జకియా ఆ ఫైల్‌ను తన కంప్యూటర్‌లోకి ఎక్కించింది.

“ఖరాబ్ కాలే ఆంటీ. కంప్యూటర్ల అక్షరాలుండయి, నంబర్లుంటయి. ఏ నంబర్‌కు ఏ అక్షరమో చెప్పే పట్టీలు వేరే వేరే. జపానోళ్ళ పాత పట్టీ షిఫ్ట్-జిస్. అనిత ఆఫీసుల అంతా గదే, అలవాటుల గట్లనే దాచింది. మన ఫోనేమో కొత్త పట్టీ పెట్టి చదువుతుంది... గందుకే గిట్ల.”

ఒక్క క్లిక్!

డైమండ్లు మాయం. తెరనిండా జపనీస్ అక్షరాలు!

చదువుతున్న జకియా చటుక్కున ఆగిపోయింది.

“ఏముంది మేడమ్?” భానుచందర్ వంగాడు. సెంటు కంపు గుప్పుమంది. జపాన్ ఫైళ్ళ మీదే బతుకుతాడు, ఒక్క అక్షరం రాదు!

“హోంవర్క్ సార్. వానల మీద వ్యాసం.”

“నేను చెప్పలే?” పకపకా నవ్వాడు. ఫోన్ మోగితే వరండాలోకి నడిచాడు.

జకియా ఒక్క ఉదుటున తలుపు గడియ పెట్టింది!

“ఆంటీ... అరవకుండ్రి. వినుండ్రి.”

తెలుగు చేసి చదివింది.

“ఆడోళ్ళ బాత్రూంల భానుచందర్ కెమెరా పెట్టిండు. నేను చూసిన. ఫోన్ గుంజుకొని నన్ను మేడమీద పాత కంప్యూటర్ల గదిల ఏసిండు. ఈడ ఒకదాంట్ల నా వాట్సాప్ ఉంది. కానీ మా తెరలన్నీ ఆయన ఫోన్ల కనబడతయి. తెలుగుల కొడితే చదువుతడు. జకియా మేడమ్‌కు పంపితే పసిగడతడు. అమ్మకు జపనీస్ రాదు, గట్లని తీసెయ్యదు. చదివేటోళ్ళ కోసం పట్టుకొని తిరుగుతది.”

ఈ ఫైల్ చెరిపించేందుకా పొద్దున్నే కారు!

ఆ చెయ్యి ఇచ్చిన సమోసా! కాంతవ్వ చెత్తబుట్ట మీద వంగి కక్కేసింది.

ధన్! ధన్!

“తలుపెందుకు పెట్టిండ్రు?” బయట భానుచందర్ గొంతు.

వెనక తలుపు, మెట్లు... పరుగు!

ఆటో. జకియా ఫోన్‌లో పోలీసులకు అడ్రస్ చెబుతోంది. వెనక హారన్... అదే కారు! పొద్దుటినుంచీ అందులోనే కూర్చుందా తను? థూ!

“ఉరికియ్యి అన్నా!”

“సిగ్నల్ పడ్డది అవ్వా!”

“నా బిడ్డ పాణం పోతుంటే సిగ్నలంట సిగ్నల్!”

ఆటో సందులోకి దూరింది.

పంజాగుట్ట. ఆఫీసు మేడ. తుప్పు తలుపు. పెద్ద తాళం. ఉచ్చ కంపు.

“అనితా!”

కాంతవ్వ తలుపు దబదబా బాదింది.

“అనితా! అమ్మనే బిడ్డా!”

జకియా ఇటుకతో తాళం బాదుతోంది. కింద మెట్లమీద బూట్ల చప్పుడు... వాడా, పోలీసులా? దగ్గరికొస్తోంది!

కాంతవ్వ ఇనుప తలుపుకు చెవి ఆనించింది. లోపల ఊపిరి కూడా వినబడదు. అయిపోయింది... అంతా అయిపోయింది...

“ఒక్క మాట... ఒక్క మాట మాట్లాడు తల్లీ!”

తలుపు కింది సందులోంచి, నేలకు ఆనుకున్నట్టు అనిత గొంతు.

“అమ్మా... జల్దీ! రాత్రి ఈడ ఇంకో పిల్లను ఏసిండు. లేస్తలేదు!”