హైమ మెళ్ళో నమూనా నాణెం

పెళ్ళిచూపులకని పాతపట్నం వచ్చిన యుగంధర్, ఎదుట కాఫీ చల్లారిపోతున్నా హైమ మెడ దగ్గర్నుంచి చూపు తిప్పలేదు.

విజయనగరంలో యుగంధర్ వాళ్ళది ఇత్తడి సామాన్ల కొట్టు. అతనికి మాత్రం కొట్టు కన్నా పాత నాణేల మీదే ధ్యాస. హైమ గొలుసుకు వేలాడుతున్న, అంచులు వంకీలు తిరిగిన నాణెం అతన్ని కట్టి పడేసింది. టంకశాలవాళ్ళు నమూనాకని నాలుగు కొట్టి చూసి, వద్దనుకుని బజారులోకి వదలకుండా ఆపేసిన రకం అది. పుస్తకంలో బొమ్మ చూడడమే తప్ప అసలుది కంటపడుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఇవేవీ హైమకు తెలియవు. ఆమె పైట సర్దుకుంది. అతను మెడ సాచి మరీ చూశాడు. ఆమె మళ్ళీ సర్దుకుంది. అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“ఏటలా సూత్తన్నారు?” అంది చివరికి.

“ఎనకేపు ఎలాగుంటాదో సూద్దారని,” అన్నాడు యుగంధర్ ఎంతో మర్యాదగా.

హైమ తండ్రి అప్పలసూరి లేచి నిలబడ్డాడు. యుగంధర్ తల్లి నెత్తి కొట్టుకుంది. అతను గాభరాగా నాణెం సంగతంతా చెప్పుకొచ్చాడు గానీ, అప్పటికే హైమ ఒక్క ఉరుము చూపు చూసి, గదిలోకెళ్ళి తలుపేసుకుంది. పిల్లను చూడ్డానికొచ్చి బిళ్ళను చూసే మొగుడు తనకొద్దని లోపల్నుంచే కబురంపింది.

ఇంటికెళ్ళాక చిత్రం జరిగింది. నాణెం మీద ఏ సంవత్సరం ఉందో ఎంత తన్నుకున్నా యుగంధర్‌కు గుర్తు రాలేదు. హైమ చూసిన చూపు మాత్రం బిందెలు తూచుతున్నా, అన్నం తింటున్నా ఎదురుగా ఉంది. ఆదివారం ఎవరికీ చెప్పకుండా వానలో బస్సెక్కి పాతపట్నంలో దిగాడు.

అరుగు మీద హైమ నాయనమ్మ నారాయణమ్మ కూర్చుని ఉంది. కలకత్తాలో టంకశాల దొర దగ్గర తన తండ్రి వంట చేసేవాడనీ, పప్పుచారు నచ్చి ఆ దొరే నాణెం ఇచ్చాడనీ, ఎవరడిగినా అమ్మేది లేదనీ అడక్కుండానే చెప్పేసింది. తాను కొనడానికి రాలేదన్నాడు యుగంధర్.

మాటలు విని హైమ గుమ్మంలోకొచ్చింది. కావాలనే గొలుసు తీసేసి వచ్చింది. తడిసిన కోడిలా నిలబడ్డవాణ్ణి ఎగాదిగా చూసింది.

“నాణెం ఏదని అడగరేటి?”

అప్పుడు చూశాడతను ఆమె మెడవైపు. “అవును, నేదు కదా. నాను సూసుకోనేదండి.”

“మరేటి సూత్తన్నారు?”

“మిమ్మల్నే. ఆవేళ సూడాల్సింది సూడనేదు, తప్పయిపోనాది. నవ్వితే ఎలాగుంటారో కూడా నాకు తెల్దు.”

హైమ పెదవి బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు.

“మామ్మా, ఈయనకి తువ్వాలియ్యి,” అంది. “నాన్నని మన కొట్టుకాడ్నుంచి రమ్మను. ఈసారి నాను కూడా సరిగ్గా సూడాల.”

నారాయణమ్మ అప్పటికే చెప్పులేసుకుంటోంది.