ఆరంగుళాల కుండీ

"మీరు అమ్మింది సచ్చే చెట్టు!"

అలిపిరి రోడ్డు పక్కనున్న నర్సరీలో లోహిత పెద్ద పింగాణీ కుండీని దబ్బుమని దించింది. అందులో పీస్ లిల్లీ తల వాల్చేసి ఉంది.

నర్సరీ యజమాని గిరి తొంగిచూశాడు. "ఇంత తొట్టిలో ఎవరు పెట్టమనినారు మేడం?"

"మాటిమాటికీ మార్చే పని లేకుండా ఒకేసారి పెద్దది కొన్నా. తప్పా?"

"తప్పే. పిడికెడు వేర్లకి బుట్టెడు మన్నా? అది తాగేది కొంచెం, నిలిచే తడి ఎక్కువ. సూడండి."

మొక్కను పైకి లాగి, నల్లబడిన వేర్లు చూపించాడు. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో రోజంతా వేరేవాళ్ళ తప్పులు పట్టే క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ లోహిత ఈసారి తన తప్పునే వంగి చూసుకుంది.

"ఇది పోకూడదండీ," ఆమె గొంతు తగ్గింది. "మోకాలు ఆపరేషనై మూడు నెల్లుగా మా నాయన గది దాటలేదు. దీంతోనే మాట్లాడతా ఉంటాడు."

గిరి ముఖంలో వెటకారం పోయింది. కుళ్ళిన వేర్లు కత్తిరించాడు. మిగిలిన ముద్దను గుప్పిట్లో పట్టి చూసి, అడుగున చిల్లులున్న ఆరంగుళాల మట్టికుండీ తీశాడు.

"వేర్ల చుట్టూ వేలు మందం జాగా సాలు. అది నిండినాక ఇంకో సైజు. పైమన్ను ఆరితేనే నీళ్ళు. ఆదివారం నేనొచ్చి సూస్తా."

వచ్చాడు. లోహిత తండ్రి మునిచంద్ర వదల్లేదు. మొక్కల గురించి గంటసేపు ప్రశ్నలు. పై ఆదివారం కూడా అంతే. లోహిత టీ కప్పులతో వచ్చినప్పుడల్లా గిరి చెప్పేది మర్చిపోయేవాడు. ఆమె నవ్వు దాచుకునేది.

ఐదో వారానికి కొత్త ఆకు విచ్చింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు గిరి రాలేదు. ఫోనూ ఎత్తలేదు.

మూడో ఆదివారం ఆమే నర్సరీకి వెళ్ళింది. "ఏమైంది మీకు?"

గిరి తల ఎత్తలేదు. "నాయుడుపేట ఇంజనీరు సంబంధం వచ్చిందని మీ నాయన సెప్పినాడు. మధ్యలో నేనెందుకని..."

"వద్దని పంపించేసినాం కదా! అది సెప్పలేదా?"

"అంతవరకు నిలబడితేనా నేను!"

టపటపా వాన అందుకుంది. ఇద్దరూ రేకుల షెడ్డులోకి పరుగెత్తారు. తడిసిన ముంగురులు తుడుచుకుంటూ లోహిత అంది, "ఎందుకు వద్దన్నానో అడగరా?"

"ఎందుకు?"

"నాకు ఆదివారాలు ఖాళీ లేవని! నర్సరీ అబ్బాయేనా అని అడిగినాడు నాయన. ఔనన్నా. పిలుచుకొని రమ్మన్నాడు."

గిరి తల ఎత్తాడు. "నాకు... ఎప్పట్నుంచో ఇష్టం. అమ్మకి నెల కిందటే సెప్పేసినా."

"నాకు సెప్పకుండానా?"

"మీరంటే భయం!"

లోహిత పకపకా నవ్వింది. "సరే, మీ అమ్మతో నేనే మాట్లాడతా. యాడ ఉంటారామె?"

గిరి కళ్ళతోనే లోహిత వెనక్కి చూపించాడు.

షెడ్డు మూలలో, ఎరువు బస్తాల చాటున కూర్చుని కవర్లలో మట్టి నింపుతున్న తాయమ్మ చేతులు దులుపుకుని లేచింది.

"అంతా ఇన్నాలే తల్లీ," అంది. "వాన నిలిచినాక ముగ్గురం మీ నాయన దగ్గిరికి పోదాం. ముందు కాఫీ తాగు."